ఊటనీటి ఏటిలో శరత్కాలపు ట్రౌట్ వేట: గోదావరి డెల్టా నుంచి వెళ్లేవారి ప్రశ్నలు, జవాబులు

కోనసీమ కాలువ గట్ల మీద వెదురు గెడతో గాలం వేస్తూ పెరిగిన మేము కొందరం, వినాయక చవితి వెళ్లిన వారం పది రోజులకు కాశ్మీరులోని కోకర్‌నాగ్ ప్రాంతానికి ట్రౌట్ కోసం వెళ్లి వస్తూ ఉంటాము. తిరిగి వచ్చాక గట్టు మీద కూర్చున్నవారు అడిగే ప్రశ్నలు ఏటా ఇంచుమించు ఒకటే కనుక, వాటికి జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాము.

ట్రౌట్ అంటే ఏ చేప? మన చేపల్లో దేనికి దగ్గర?

ట్రౌట్ సాల్మన్ కుటుంబానికి చెందిన చన్నీటి చేప. మన దేశపు కొండ ఏళ్లలో రెండు రకాలు కనిపిస్తాయి. బ్రౌన్ ట్రౌట్ ఒళ్లు బంగారు ఛాయ కలిసిన గోధుమ రంగులో ఉండి, దాని మీద నల్లని, ఎర్రని చుక్కలు, వాటిలో చాలా చుక్కల చుట్టూ లేత రంగు వలయాలు ఉంటాయి. రెయిన్‌బో ట్రౌట్‌కు పక్కల వెంబడి గులాబీ రంగు చార ఉంటుంది, తోక నిండా చిన్న చుక్కలు ఉంటాయి. రెండింటికీ వెన్ను మీద, తోకకు కాస్త ముందు, ముల్లు లేని చిన్న కండ రెక్క ఒకటి ఉంటుంది. మన జెల్లలకు కూడా అలాంటి రెక్క ఉంటుంది కనుక చూడగానే గుర్తుపడతారు, అయితే పోలిక అంతటితో సరి.

స్నో ట్రౌట్ అనే పేరు విని చాలామంది పొరబడతారు. హిమాలయ నదుల్లో మొదటి నుంచీ ఉన్న ఆ చేప నిజానికి ట్రౌట్ కాదు, మన బొచ్చె, శీలావతి ఉన్న కార్ప్ కుటుంబానికే చెందినది.

ఇది గోదావరిలో ఎందుకు బతకదు?

ట్రౌట్ సుమారు 10 నుంచి 16 డిగ్రీల సెల్సియస్ నీటిలో హాయిగా ఉంటుంది, 20 దాటితే మేత మానుతుంది, 25 దాకా వెళితే ప్రాణం మీదికి వస్తుంది. వైశాఖంలో కాలువలు కట్టేశాక మన మడుగుల్లో మిగిలిన నీళ్లు 30 దాటతాయి. పైగా నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గిపోతుంది. సముద్ర మట్టం వద్ద లీటరు నీరు 10 డిగ్రీల దగ్గర సుమారు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టి ఉంచగలిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు మించి పట్టి ఉంచలేదు. మన కొర్రమీను, మార్పు, గొరక వంటివి పైకి వచ్చి గాలి పీల్చుకుని బతకగలవు కనుక బురద గుంటలో కూడా వేసవి గడిపేస్తాయి. ట్రౌట్‌కు ఆ వెసులుబాటు లేదు.

ఊటనీటి ఏరు అంటే ఏమిటి? మంచు కరిగి వచ్చే ఏటికీ దానికీ తేడా ఏమిటి?

కాశ్మీరీలో నాగ్ అంటే ఊట. కోకర్‌నాగ్, వేరీనాగ్, అనంతనాగ్ అనే పేర్లన్నీ ఊటల పేర్లే. వేరీనాగ్ ఊట దగ్గరే ఝెలం నది పుడుతుంది, జహంగీరు కాలంలో దాని చుట్టూ ఎనిమిది మూలల కొలను కట్టించారు. దాదాపు 2,000 మీటర్ల ఎత్తున ఉన్న కోకర్‌నాగ్ దగ్గర కొండ పాదం నుంచి అనేక పాయలుగా నీరు ఉబికి వస్తుంది. ఆ పాయలు కోడి గోళ్లలా విడివడి కనిపిస్తాయి కనుకనే ఆ పేరు వచ్చిందని అక్కడివారు చెబుతారు. పై కొండల మీద కురిసిన మంచూ వానా సున్నపురాయి పగుళ్లలోకి ఇంకి, రాతి లోపల చాలా దూరం నడిచి, వడకట్టిన నీరుగా బయటికి వస్తుంది.

ఈ నడక వల్ల నీటికి మూడు గుణాలు వస్తాయి. భూమి లోపల ఉన్నంతసేపూ ఎండా చలీ దానిని తాకవు కనుక ఊట దగ్గర నీటి చల్లదనం ఏడాది పొడవునా పెద్దగా మారదు. రాయి నెమ్మదిగా వదిలే నీరు కనుక ప్రవాహం ఒక్కసారిగా పొంగదు, ఒక్కసారిగా ఎండదు. సున్నం కరిగి ఉంటుంది కనుక పచ్చని నీటి మొక్కలు, వాటిలో పురుగులు, నత్తలు సమృద్ధిగా పెరిగి చేపకు మేత అవుతాయి. మంచు కరిగి వచ్చే ఏరు మధ్యాహ్నం ఎండకు పాలలా తెల్లబడి ఉరకలు వేస్తుంది, ఊటనీటి ఏరు మాత్రం పొద్దునా సాయంత్రమూ ఒకేలా, చల్లగా, నిదానంగా, అద్దంలా సాగుతుంది. ఆ అద్దమే మనలాంటివారికి అసలు చిక్కు. దాని సంగతి కింద విడిగా చెబుతాము.

సున్నపురాయి నేల ఇచ్చినట్టే తీసుకోవడమూ ఉంటుంది. 2022 ఫిబ్రవరిలో కోకర్‌నాగ్ దగ్గర బ్రింగి ఏటి అడుగున గుంత పడి, ఏరు ఏరంతా అందులోకి దిగిపోయింది. దిగువన ఏటిగర్భం ఎండిపోయి ట్రౌట్లు చనిపోయాయి. మన వైపు గండి పడితే నీరు ఊరి మీదికి వస్తుంది, అక్కడ ఏకంగా భూమిలోకే పోయింది.

శరత్కాలంలోనే ఎందుకు వెళ్లాలి?

కాశ్మీరులో ట్రౌట్ వేటకు సాధారణంగా ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఆఖరు వరకు అనుమతి ఉంటుంది, హిమాచల్ ప్రదేశ్‌లో మార్చి నుంచి అక్టోబరు ఆఖరు వరకు ఉంటుంది. ఆ తరువాత చేప గుడ్లు పెట్టే కాలం కనుక వేట మూసేస్తారు. కాబట్టి శరత్తు అని మేము చెప్పేది కాశ్మీరుకైతే సెప్టెంబరు రెండో పక్షం, హిమాచల్‌కైతే అక్టోబరు నెల అంతా. పంచాంగం ప్రకారం సెప్టెంబరులో చాలా రోజులు ఇంకా భాద్రపదమే అయినా, ఆ ఎత్తున గాలికి పంచాంగంతో పనిలేదు.

ఆ రోజుల్లో మన గోదావరి ఇంకా ఎర్రనీటితో నిండుగా పారుతూ ఉంటుంది. అక్కడ మాత్రం వానలు వెనక్కి తగ్గి, వరి కంకులు పండి, ఏటి గట్ల మీది గడ్డి ఎండటం మొదలవుతుంది. ఎండిన గడ్డిలో మిడతలు, చీమలు, చిన్న పెంకు పురుగులు ఎక్కువై, గాలి వీచినప్పుడల్లా నీళ్లలో పడతాయి. బ్రౌన్ ట్రౌట్ రానున్న గుడ్ల కాలానికి ఒళ్లు చేసుకోవాలి కనుక మేత మీద గట్టిగా ఉంటుంది. వేసవిలో పొద్దున్నే, మునిమాపునే కనిపించే చేప ఇప్పుడు పట్టపగలు కూడా పైకి వస్తుంది. మా అనుభవంలో ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడు వరకు మంచి వేళ. తెల్లవారుజామున లేచి చలిలో వణుకుతూ ఏటికి పరుగెత్తడం మన గట్టు అలవాటే కానీ అక్కడ దాని వల్ల ఒరిగేదేమీ లేదు.

ఫ్లై ఫిషింగ్‌కూ మన గాలానికీ తేడా ఏమిటి?

మన గాలంలో ఎర బరువు, సీసం గుండు బరువు దారాన్ని లాక్కుపోతాయి. ఫ్లై అంటే ఈకలూ దారమూ చుట్టి కొక్కేనికి కట్టిన బొమ్మ పురుగు. దానికి బరువే ఉండదు కనుక ఎంత బలంగా విసిరినా గజం దూరం పోదు. అందుకని ఇక్కడ దారానికే బరువు పెడతారు. ఫ్లై లైన్ అనే ఆ లావుపాటి, పూత పూసిన దారం గాలిలో వెనక్కి, ముందుకు పొడవుగా చాచుకుని, తన కొసన ఉన్న పురుగును నీటి మీద మెల్లగా దింపుతుంది.

విసురువల వేయడం వచ్చినవారికి ఇది త్వరగా పట్టుబడుతుందని మేము గమనించాము. వల విప్పారాలంటే బలం కంటే సమయం ముఖ్యం, తొందరపడితే ముద్దగా పడుతుంది. ఇక్కడా అంతే. రాడ్‌ను వెనక్కి లేపి, దారం వీపు వెనుక పూర్తిగా చాచుకునే వరకు ఒక్క క్షణం ఆగి, అప్పుడు ముందుకు తేవాలి. గడియారం ముల్లులా ఊహించుకుంటే పది నుంచి రెండు వరకే రాడ్ కదలాలి. కొత్తవారు ఆ ఆగడం దగ్గరే తప్పుతారు, ఫ్లై వారి చెవికే గుచ్చుకుంటుంది. టోపీ, కళ్లజోడు లేకుండా సాధన చేయవద్దని చెప్పేది ఇందుకే.

ఏ సామాను కొనాలి?

8.5 నుంచి 9 అడుగుల పొడవున్న, 4 లేదా 5 నంబరు రాడ్ (అది విసిరే లైన్ ఎంత బరువో చెప్పే అంకె ఇది), దానికి తగిన నంబరు తేలే లైన్, ఒక సాదా రీలు చాలు. ఊటనీటి ఏటిలో రీలు పని దారాన్ని చుట్టి పెట్టుకోవడమే కనుక దాని మీద డబ్బు తగలేయనవసరం లేదు. ఆ డబ్బును లైన్ మీద పెట్టండి.

లైన్‌కూ ఫ్లైకీ మధ్య కట్టే సన్నని దారాన్ని లీడర్ అంటారు, దాని చివరి కొసను టిప్పెట్ అంటారు. నిలకడ నీటికి లీడర్ 9 నుంచి 12 అడుగులు ఉండాలి. టిప్పెట్ సన్నదనాన్ని ఎక్స్ లెక్కలో చెబుతారు. 11లోంచి ఆ అంకెను తీసేస్తే అంగుళంలో ఎన్ని వెయ్యో వంతులో వస్తుంది. 5ఎక్స్ అంటే 6 వెయ్యో వంతులు, అనగా 0.15 మిల్లీమీటరు, 6ఎక్స్ అంటే 5 వెయ్యో వంతులు, అనగా 0.13 మిల్లీమీటరు. కొర్రమీనుకు కట్టే దారంతో పోలిస్తే అది సాలెపోగు. కొక్కేల లెక్క కూడా తలకిందులుగానే ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ కొక్కెం చిన్నది. శరత్తులో 14 నుంచి 20 వరకు అవసరపడతాయి. 20 నంబరు కొక్కెం వడ్లగింజ కంటే చిన్నది.

నీటి మెరుపును తగ్గించే పోలరైజ్డ్ కళ్లజోడు మాత్రం తప్పనిసరి. అది లేకుండా వెళ్లడం లాంతరు లేకుండా రాత్రి చేలో దిగడమే.

ఇక్కడ, డెల్టాలో, ముందుగా సాధన చేయవచ్చా?

చేయాలి. అక్కడికి వెళ్లి నేర్చుకుందాం అనుకుంటే అనుమతి తీసుకున్న రోజులన్నీ చిక్కు విప్పుకోవడంతోనే సరిపోతాయి. కొక్కెం తీసేసి ఎర్రటి ఊలు ముక్క కట్టుకుని, పొద్దున్నే గాలి లేవకముందు కాలువ గట్టు మీద నిలబడండి. వెనుక కొబ్బరి చెట్లు లేని చోటు చూసుకోవాలి, మన వైపు అదే కష్టం. మాలో ఒకరి మొదటి లైన్ ఇప్పటికీ ఒక కొబ్బరి మట్టకు వేలాడుతూ ఉంది, దింపులు తీసేవారు వచ్చినప్పుడల్లా అడుగుతారు అదేమిటని.

దూరం కోసం పాకులాడవద్దు. 30 అడుగుల లోపు గురి కుదిరితే చాలు. కాలువలో కొట్టుకువచ్చే గుర్రపుడెక్క ఆకును గురిగా పెట్టుకుని, దానికి జానెడు ఎగువన ఊలు ముక్క చప్పుడు లేకుండా పడేలా చూడండి. ఆకు కదులుతూ ఉంటుంది కనుక పారే నీటి లెక్క కూడా వంటపడుతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక గాలికి ఎదురుగా కూడా కొంతసేపు వేసి చూడండి.

ఫ్లైలను ఇంట్లో కట్టుకోవచ్చా? మన దగ్గర ముడిసరుకు దొరుకుతుందా?

ఈ విషయంలో మనకు ఉన్నంత అదృష్టం చాలామందికి లేదు. నీటి మీద తేలే ఫ్లైకి ప్రాణం దాని మెడ చుట్టూ చుట్టిన ఈక. దానిని హ్యాకిల్ అంటారు. ఆ ఈక పుంజు మెడ మీదిదే కావాలి. పెట్ట ఈక మెత్తగా ఉండి నీళ్లు పీల్చుకుని మునిగిపోతుంది. బాయిలర్ కోడి ఈకా పనికిరాదు, అది ఈక గట్టిపడే వయసు దాకా బతకదు. రెండు మూడేళ్లు దాటిన పందెం జాతి పుంజు మెడ ఈక సన్నగా, పొడవుగా, నూనె రాసినట్టు మెరుస్తూ ఉంటుంది. వేళ్ల మధ్య వంచితే పీచులు సూదుల్లా విడివిడిగా నిలబడతాయి. ఆ పీచు కొసల మీదే ఫ్లై నీటిని తాకీ తాకనట్టు నిలుస్తుంది. పీచు పొడవు కొక్కెం నోటి వెడల్పుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి.

భీమవరం, అమలాపురం వైపు ఏ ఊళ్లోనైనా పుంజులు పెంచేవారు ఉంటారు. డేగ నుంచి ఎర్ర గోధుమ రంగు, కాకి నుంచి నలుపు, సేతువ నుంచి తెలుపు దొరుకుతాయి. పందేల సంగతి వేరు, అది చట్టం ఒప్పని పని, దానిని మేము సమర్థించడం లేదు. ఈక మార్చుకునే రోజుల్లో గంప కింద రాలినవి అడిగితే కాదనేవారు ఉండరు. నెమలి కన్నులోని పీచు కూడా ఫ్లై ఒంటికి చాలా బాగుంటుంది, అయితే సహజంగా రాలిన ఈక తప్ప మరొకటి ముట్టకూడదు.

మిడత ఫ్లైకి ఒళ్లుగా విదేశీయులు నురుగు స్పాంజి ముక్క వాడతారు. మేము జీలుగు బెండు వాడతాము. బ్లేడుతో అగ్గిపుల్ల మందాన కోసి, పసుపు దారంతో రెండు చోట్ల బిగించి, రెక్కలుగా గోధుమ రంగు ఈక కడితే, పెళ్లిళ్లలో బాసికానికి వాడే ఆ బెండు కోకర్‌నాగ్ నీటి మీద రోజంతా మునగకుండా తేలింది. ఒక్క లోపం, బెండును మరీ బిగించి చుడితే నలిగి చీలిపోతుంది.

చేప కళ్ల ముందే కనిపిస్తుంది కానీ ఫ్లైని పట్టించుకోదు. తప్పు ఎక్కడ జరుగుతోంది?

అన్నింటిలోకీ ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. జవాబు కూడా కొంచెం పొడవుగానే చెప్పాలి.

మనం మసక నీటిలో వేట నేర్చుకున్నవాళ్లం. కాలువలో చేప మనకు కనబడదు, మనం చేపకు కనబడము. గట్టు మీద నిలబడి మాట్లాడుకోవచ్చు, బీడీ వెలిగించుకోవచ్చు, తెల్ల పంచె కట్టుకుని గొడుగు వేసుకుని కూర్చోవచ్చు. బెండు మునిగితేనే కింద ఎవరో ఉన్నారని తెలిసేది. ఊటనీటి ఏటిలో ఆ తెర ఉండదు. మొదటిసారి వెళ్లినప్పుడు నేను తెల్ల చొక్కాతో గట్టు వెంట నిటారుగా నడుస్తూ, ఇన్ని చేపలు కనబడుతున్నాయే అని మురిసిపోయాను. మూడు రోజులు ఒక్కటి కూడా ముట్టలేదు. నాలుగో రోజు మాతో వచ్చిన స్థానికుడైన పెద్దాయన నా రాడ్ తీసుకుని పక్కన పెట్టి, విల్లో చెట్టు నీడలో నన్ను కూర్చోబెట్టి, అరగంట నీళ్ల వైపు చూడమన్నారు.

మొదట పది నిమిషాలు పచ్చని నాచు తీగలు ఊగడం తప్ప ఏమీ కనిపించలేదు. తరువాత ఒక తీగ మిగతావాటితో కలిసి ఊగడం లేదని గమనించాను. అది చేప. అడుగు పొడవుకు పైనే ఉంటుంది, ముక్కు ఎగువకు పెట్టి, తోక కొసను మాత్రమే ఆడిస్తూ, రెండు తీగల మధ్య సందులో నిలబడి ఉంది. ఒక కొమ్మ మీది నుంచి చీమ పడింది. నీరు దానిని తెచ్చి చేప తల మీదికి రాగానే, చేప కదిలినట్టే లేదు, పైకి తేలి పెదవి మాత్రం నీటికి తాకించి మళ్లీ తన చోటికి దిగింది. నీటి మీద రూపాయి బిళ్లంత వలయం ఒకటి విప్పారి కరిగిపోయింది. అంతకు ముందు మూడు రోజులూ అలాంటి వలయాలను నేను వాన చినుకులనుకున్నాను.

దీని వెనుక ఉన్న లెక్క తెలుసుకుంటే నడక దానంతటదే మారుతుంది. నీటిలోకి వచ్చే కాంతి వంగుతుంది కనుక చేపకు బయటి లోకమంతా తన తల పైన సుమారు 97 డిగ్రీల విస్తీర్ణం ఉన్న గుండ్రని కిటికీలోంచి కనిపిస్తుంది. ఆ కిటికీ అంచుల్లో గట్టు మీది వస్తువులు నలిగి, పొట్టిగా, మసకగా ఉంటాయి. నీటి మట్టానికి ఎంత తక్కువ ఎత్తున ఉంటే మీరు అంత మసక అంచులో దాగుతారు. కనుక వంగి నడవాలి, అవసరమైతే మోకాళ్ల మీద కూర్చుని విసరాలి, గడ్డి రంగులోనో మట్టి రంగులోనో బట్టలు వేసుకోవాలి. చేప ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా చూస్తుంది కనుక దాని వెనుక నుంచి, అంటే దిగువ నుంచి ఎగువకు పోవాలి. మీ నీడ, లైన్ నీడ కూడా దాని మీద పడకూడదు. అడుగు బరువుగా వేస్తే గట్టు అదిరి చేపకు తెలుస్తుంది. మన కాలువ గట్టు మెత్తటి ఒండ్రు కనుక మనకు ఈ జాగ్రత్త అలవాటు లేదు.

ఇవన్నీ సరిగా చేసినా చేప ముట్టకపోతే, కారణం చాలావరకు ఈడ్పు. ఏటి నడుమ నీరు వడిగా, అంచున నెమ్మదిగా పారుతుంది. మీ లైన్ వడి నీటి మీద, ఫ్లై నెమ్మది నీటి మీద పడితే, లైన్ ముందుకు పోతూ ఫ్లైని ఈడ్చుకుపోతుంది. నిజమైన చీమ నీటికి అడ్డంగా పరుగెత్తదు, ఆ సంగతి చేపకు తెలుసు. లైన్ పడగానే దాని నడుమ భాగాన్ని రాడ్ కొసతో ఎగువ వైపుకు విల్లులా తిప్పి వేస్తే, ఆ వంపు విచ్చుకునే రెండు మూడు సెకన్లు ఫ్లై నీటితో సమానంగా సాగుతుంది. ఆ రెండు మూడు సెకన్ల కోసమే ఇంత ప్రయాసా.

చేప ఫ్లైని తీసుకున్నాక తెగిపోతోంది. గట్టి దారం కట్టాలా?

అక్కరలేదు, చేతి అలవాటు మార్చుకోవాలి. బెండు మునగగానే ఒక్క గుంజుతో కొర్రమీనును గట్టు మీదికి విసిరే చెయ్యి మనది. 6ఎక్స్ టిప్పెట్ ఆ గుంజుకు ఆగదు. చేప నోరు మూసి కిందికి తిరిగే వరకు ఆగి, అప్పుడు రాడ్‌ను నిదానంగా పైకి ఎత్తితే చాలు, కొక్కెం దానంతటదే పడుతుంది. ఆ తరువాత కూడా రాడ్ వంపునే పని చేయనివ్వాలి.

ఏ ఫ్లై ఎప్పుడు వేయాలి?

ముందు కట్టకండి, ముందు చూడండి. ఎండ ఉండి గాలి వీస్తుంటే చీమ, మిడత, పెంకు పురుగు బొమ్మలు వేయవచ్చు. మబ్బుపట్టి సన్నటి జల్లు పడుతుంటే చిన్న ఆలివ్ రంగు మేఫ్లైలు నీటి మీద తెరచాపల్లా రెక్కలు నిలబెట్టుకుని వస్తాయి. మన ఉసిళ్ల మాదిరిగానే ఇవీ రెక్కలు వచ్చాక ఎక్కువ కాలం బతకవు, ఒకటి రెండు రోజుల్లో జత కట్టి, గుడ్లు పెట్టి రాలిపోతాయి. అప్పుడు 18 లేదా 20 నంబరు కొక్కెం మీది ఆలివ్ ఫ్లై తప్ప మరొకటి పనిచేయకపోవచ్చు. పైన ఏమీ కదలకపోతే, నీటి అడుగున పాకే పిల్ల పురుగును పోలిన, నిమ్ఫ్ అనే మునిగే ఫ్లైని నాచు తీగల సందులో పారించాలి. సగానికి పైగా మేత చేప నీటి లోపలే తింటుంది కనుక ఇది చిన్నచూపు చూడవలసిన పద్ధతి కాదు, అయితే కంటికి అంత ఇంపుగా ఉండదని నా అభిప్రాయం.

గులకరాళ్ల మీద శుభ్రంగా కడిగినట్టున్న తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. అవేమిటి?

అవి గూళ్లు. గుడ్ల కాలం దగ్గరపడ్డాక ఆడ ట్రౌట్ పక్కకు ఒరిగి తోకతో గులకను చిమ్మి గుంత చేసి, గుడ్లు పెట్టి, పైనుంచి మళ్లీ గులక కప్పుతుంది. ఆ రాళ్ల సందుల్లోంచి స్వచ్ఛమైన నీరు పారుతూ ఉంటేనే గుడ్లు బతుకుతాయి. ఏటిలో దిగి నడిచేటప్పుడు ఆ మచ్చల మీద కాలు పెట్టకూడదు, దాని మీద జతగా నిలబడిన చేపలకు ఫ్లై వేయకూడదు. వేట కాలం ముగియడానికి వారం ముందే కొన్ని చేపలు ఈ పని మొదలుపెట్టడం మేము చూశాము.

పట్టిన చేపను వదిలిపెట్టాలా? తినకూడదా?

ఎన్ని ఉంచుకోవచ్చో, ఎంత పొడవు లోపు చేపను వదలాలో, ఏ భాగంలో ఏ ఎర వాడవచ్చో అనుమతి పత్రం మీద ఉంటుంది. దానికి లోబడి తినవచ్చు. శరత్తులో గుడ్లతో ఉన్న ఆడ చేపను మాత్రం మేము వదిలేస్తాము. వదలదలచిన చేపను ముందుగా తడిపిన చేత్తోనే పట్టుకోండి. పొడి చెయ్యి దాని ఒంటి జిగురును తుడిచేస్తుంది, ఆ చోట బూజు పడుతుంది. కొక్కెం ముల్లును ముందే శ్రావణంతో నొక్కేస్తే నోటికి గాయం తగ్గుతుంది. తల ఎగువకు ఉండేలా నీటిలో పట్టుకుంటే, అది ఊపిరి కూడదీసుకుని తనే జారిపోతుంది.

ట్రౌట్‌తో పులుసు పెట్టవచ్చా?

పెట్టవచ్చు, కానీ పెట్టకండి. చింతపండు పులుసు పులసకు అబ్బినట్టు దీనికి అబ్బదు. పులస కొవ్వు ఎక్కువ, ముళ్లు ఎక్కువ ఉన్న చేప. రాత్రంతా పులుసులో నాని మర్నాటికి రుచి తేలుతుంది. ట్రౌట్ మాంసం సున్నితమైనది, పులుసులో దాని రుచి మాయమై చింతపండు మాత్రమే మిగులుతుంది. పొలుసు చాలా సన్నం కనుక గీకే పని లేదు, మధ్య ముల్లు ఒక్కసారి లాగితే చాలావరకు వచ్చేస్తుంది. ఉప్పు, మిరియాల పొడి, కొంచెం పసుపు రాసి పెనం మీద రెండు వైపులా వేయించడం చాలు. మా ఇంట్లో ఆడవాళ్లకు ఇది చప్పిడి వంట. ఇంత దూరం వెళ్లింది ఈ చప్పిడి చేప కోసమా అని అడిగారు.

పులస కూడా ఏటికి ఎదురీదుతుంది కదా, అది ఫ్లైకి పడదా?

పడదు. పులస కవళ్ల కుటుంబపు చేప. సముద్రంలో ఇలసగా ఉండి, వరద నీటి వాసన పట్టి గోదావరి పాయల్లోకి గుడ్లు పెట్టడానికి వచ్చి, మంచినీటిలో ఈదేకొద్దీ పులస అవుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక దాని దారి ఆ కట్ట దగ్గర ఆగిపోయింది. దాని మేత నీటిలో తేలే సూక్ష్మజీవులు. నోటితో పురుగును పట్టే చేప కాదు కనుక అనాదిగా దానికి వలే మార్గం. ఊటనీటి ఏటిలోని బ్రౌన్ ట్రౌట్ సముద్రం ముఖం చూడదు, గుడ్ల కోసం కొంత ఎగువకు మాత్రమే పోతుంది.

ట్రౌట్ మన దేశపు చేప కాదంటారు. నిజమేనా?

నిజమే. ఆంగ్లేయులు తమ సరదా కోసం తెచ్చారు. కాశ్మీరుకు మొదట తెచ్చిన బ్రౌన్ ట్రౌట్ గుడ్లు దారిలోనే పాడయ్యాయి, 1900లో తెచ్చినవి నిలిచాయి. నీలగిరి, మున్నార్ కొండల్లోని రెయిన్‌బో ట్రౌట్ కూడా అలా వచ్చినదే. స్థానికమైన స్నో ట్రౌట్ మీద దీని ప్రభావం ఉందని తెలిసీ దీని కోసం అంత దూరం వెళుతున్నామన్న ఇబ్బంది నాకు ఉంది. కానీ అలాగే బయటి దేశాల నుంచి వచ్చిన చేపలను, మన చెరువుల్లో రూప్‌చంద్‌ను, కాలువల్లో చైనా గొరకను చూస్తూ కాశ్మీరువారికి నీతులు చెప్పగల స్థితిలో మనం లేము.

ప్రయాణం, అనుమతి ఎలా?

అనుమతిని అక్కడి మత్స్యశాఖ ఇస్తుంది. ఏరును భాగాలుగా విడదీసి రోజుకు ఇంతమందికే అని కేటాయిస్తారు కనుక ముందుగానే తీసుకోవాలి. రాజమండ్రి నుంచి ఢిల్లీ చేరి అక్కడి నుంచి శ్రీనగర్‌కు విమానంలో వెళ్లవచ్చు. 2025 జూన్ నుంచి కట్రా మీదుగా లోయలోకి రైలు కూడా నడుస్తోంది. బయలుదేరే ముందు అక్కడి భద్రతా పరిస్థితిని విచారించుకోవాలి. ఉదయపు చలికి ఊలు బట్టలు, ఏటిలో నిలబడటానికి పట్టు జారని అడుగున్న బూట్లు తీసుకెళ్లండి. మన రబ్బరు చెప్పులతో ఆ నాచు రాళ్ల మీద నిలబడలేరు.

అంత దూరం వెళ్లలేనివారు ఫ్లై రాడ్‌ను డెల్టాలోనే వాడుకోవచ్చా?

నిరభ్యంతరంగా వాడుకోవచ్చు, అయితే వరద తగ్గి నీరు తేరుకునే కార్తీకం వరకు ఆగాలి. చెరువు గట్ల పక్క బోదెల్లో చైనా గొరక చిన్న నిమ్ఫ్‌ను బాగానే తీసుకుంటుంది, పరిగెలైతే చీమ బొమ్మకు కూడా ఎగబడతాయి. కొర్రమీనుకు, ఏటి మొగల దగ్గర పండుగప్పకు 5 నంబరు రాడ్ చాలదు. 8 నంబరు రాడ్, లావు టిప్పెట్, అరచేయంత ఈక చేప బొమ్మ కావాలి. కార్తీకంలో నీసు ముట్టనివారికి పట్టి వదిలే ఈ పద్ధతి అనుకూలంగా ఉంటుందని మాలో ఒకరు అంటారు. ఆయన ఆ నెలంతా పట్టిన ప్రతి చేపనూ వదిలేసి, పోలి స్వర్గం వెళ్లిన మర్నాడు మాత్రం తెల్లవారకముందే అదే బోదె దగ్గర, ఫ్లై రాడ్ ఇంట్లో పెట్టి వెదురు గెడతో కనిపిస్తారు.